బఫెలో మంచు: ఒకరికి నిలువెత్తు, ఇంకొకరికి మోకాలిలోతు కూడా లేదు, ఎందుకని?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "జనవరిలో యూనివర్సిటీ ఎట్ బఫెలోలో మాస్టర్స్‌కి చేరుతున్నాను. 2022 నవంబరులో అక్కడ 80 అంగుళాల మంచు పడిందని ఎక్కడో చదివి అమ్మ హడలిపోయింది, సీటు వదులుకోమంటోంది. అప్పుడు అక్కడే చదివిన సీనియర్ని అడిగితే, మా గది దగ్గర మోకాలిలోతు కూడా లేదన్నాడు. ఎవరిది నిజం? ఇల్లు ఏ వైపు తీసుకుంటే మంచిది?"

తమ్ముడూ (నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు), అమ్మగారు చదివిందీ నిజమే, మీ సీనియర్ చెప్పిందీ నిజమే. బఫెలోలో పెద్ద మంచు చాలాసార్లు ఊరంతా పడదు. ఈరీ సరస్సు మీంచి వచ్చే ఒక సన్నని మేఘాల పట్టీ ఉంటుంది, ఇక్కడ అందరూ దాన్ని బ్యాండ్ అంటారు. అది ఎవరి నెత్తిమీద ఆగితే వాళ్ళకి నిలువెత్తు పడుతుంది, పక్క ఊరివాళ్ళు ఎండలో నిలబడి దాన్ని ఫోటో తీస్తారు. సీటు వదులుకోవాల్సిన పని లేదు. కానీ ఒక్క మాట ముందే చెప్తాను: అంగుళాల సంఖ్య చూసి భయపడకు, అదే సంఖ్య చూసి ధైర్యపడకు. ఇక్కడ మనుషుల్ని ఎక్కువగా పొట్టనపెట్టుకునేది గాలి. ఎందుకంటున్నానో కింద వివరంగా రాస్తాను.

నేనుండేది సౌత్‌టౌన్స్‌లో, అంటే బఫెలోకి దక్షిణాన ఉన్న శివారు ఊళ్ళలో. చాలా ఏళ్ళయింది వచ్చి. సివిల్ ఇంజనీర్ని, పైకప్పులు ఎంత బరువు మోస్తాయో లెక్కలు చూడటం నా పనిలో భాగం. దానికి తోడు కోకోరాస్ అని వానా మంచూ కొలిచి పంపే వాలంటీర్ల బృందం ఒకటుంది, అందులో పొద్దున ఏడింటికి పెరట్లో కొలత తీసి పంపుతుంటాను. కాబట్టి అంగుళాల మీద నాకు కొంచెం పట్టింపు ఎక్కువ.

ముందు ఆ తేడా ఎందుకో చూద్దాం. ఈరీ సరస్సు పొడవు దాదాపు 240 మైళ్ళు. నైరుతికి కొంచెం పడమరగా మొదలై ఈశాన్యం వైపు సాగి, సరిగ్గా బఫెలో దగ్గర ముగుస్తుంది. వేసవంతా ఎండకి కాగిన నీళ్ళు నవంబరులో కూడా పైన వీచే గాలికంటే వెచ్చగానే ఉంటాయి. కెనడా వైపునుంచి ఉత్తర ధ్రువపు చలిగాలి దిగి ఆ నీళ్ళ మీంచి వీచినప్పుడు, కింది గాలి వేడెక్కి, తడి పీల్చుకుని, గబగబా పైకి లేచి మేఘమవుతుంది. వాతావరణ శాఖవాళ్ళు వాడే కొండగుర్తు ఏమిటంటే, సరస్సు నీటికీ, సుమారు కిలోమీటరున్నర ఎత్తున ఉన్న గాలికీ మధ్య కనీసం 13 డిగ్రీల సెల్సియస్ తేడా ఉండాలి. తేడా ఎంత పెరిగితే మంచు అంత దట్టంగా పడుతుంది. దీన్నే లేక్ ఎఫెక్ట్ స్నో అంటారు.

అయితే చలి, తడి ఉంటే చాలదు. గాలి సరస్సు పొడవునా, ఒకే దిశలో వీచాలి. కింద ఒక దిక్కు, పైన ఇంకో దిక్కు అయితే మేఘాలు చెల్లాచెదురైపోతాయి. అదే పడమటి-నైరుతి గాలి పొడవాటి దారి పట్టిందనుకో, 240 మైళ్ళ తడంతా ఒక్క పట్టీలోకి చేరుతుంది. ఆ పట్టీ వెడల్పు ఒక్కోసారి పది మైళ్ళు కూడా ఉండదు. దాని కింద గంటకి మూడు అంగుళాలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ. ఉరుములు మెరుపులతో కూడా పడుతుంది. మంచులో ఉరుము విననివాళ్ళకి చెప్తే నమ్మరు.

గాలి దిక్కు కాస్త తిరిగితే చాలు, పట్టీ జరుగుతుంది. నైరుతి పాలు ఎక్కువైతే ఉత్తరానికి, అంటే ఆంహెర్స్ట్, నయాగరా జలపాతం వైపు పోతుంది. పడమర పాలు ఎక్కువైతే దక్షిణానికి, మా ఆర్చర్డ్ పార్క్, హాంబర్గ్ మీదికి వస్తుంది. వాయవ్యంనుంచి వీస్తే పెద్ద పట్టీ విడిపోయి చిన్నచిన్నవిగా మారి, ఇంకా దక్షిణాన ఉన్న కొండల మీద రాలుతుంది. కొండలు గాలిని ఇంకొంచెం పైకి నెడతాయి కాబట్టి అక్కడ ఇంకాస్త ఎక్కువ.

మీ యూనివర్సిటీ నార్త్ క్యాంపస్ ఆంహెర్స్ట్‌లో ఉంది. అక్కడినుంచి ఆర్చర్డ్ పార్క్‌కి సుమారు ముప్పై కిలోమీటర్లు. అమ్మగారికి చెప్పాలంటే కూకట్‌పల్లిలో ఆరడుగులు పడి, ఎల్బీనగర్‌లో పిల్లలు స్కూలుకి వెళ్ళినట్టు అని చెప్పు, వెంటనే అర్థమవుతుంది.

2014 నవంబరు దీనికి అచ్చమైన ఉదాహరణ. 17నుంచి 21 దాకా రెండు విడతలుగా వచ్చింది. బఫెలోకి తూర్పున కౌల్స్‌విల్ అనే చోట మొత్తం 88 అంగుళాలు తేలింది. ల్యాంకాస్టర్, వెస్ట్ సెనెకా, హాంబర్గ్ ఊళ్ళలో అయిదారడుగులు. నగరం ఉత్తరం కొసన మాత్రం కొద్ది అంగుళాలు, అంతే. డౌన్‌టౌన్‌లో ఎత్తయిన భవనాల మీంచి తీసిన ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి, చూడు: ఇటు నీలాకాశం, అటు నేలనుంచి ఆకాశం దాకా తెల్లటి గోడ. న్యూయార్క్ రాష్ట్ర త్రూవే అనే పెద్ద హైవే మూతపడింది, నయాగరా యూనివర్సిటీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు బస్సు ఆ రోడ్డు మీద ఒక రోజుకి పైగా ఇరుక్కుపోయింది. బఫెలో బిల్స్ అనే ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు తన సొంత మ్యాచిని డెట్రాయిట్‌కి తీసుకుపోయి ఆడింది.

2022 నవంబరు 17న మొదలైంది మీ అమ్మగారు చదివినది. ఆర్చర్డ్ పార్క్, హాంబర్గ్‌లలో 80 అంగుళాల దరిదాపు, అంటే ఆరున్నర అడుగులు. విమానాశ్రయం దగ్గర దాదాపు 37. ఇంకా ఉత్తరానికి పోయినకొద్దీ తగ్గుతూ పోయింది. బిల్స్ మళ్ళీ డెట్రాయిట్‌కి పోవాల్సి వచ్చింది. ఆటగాళ్ళ వాకిళ్ళని ఇరుగుపొరుగువాళ్ళు పారలతో తవ్వి వాళ్ళని సాగనంపారు. అవును, ఇక్కడ కోటీశ్వరుడైనా సరే, పక్కింటాయన దగ్గర స్నో బ్లోయర్ (మంచు ఎగజిమ్మే యంత్రం) ఉంటేనే బయటపడేది.

ఆ వారం మా ఇంటి సంగతి: ముందు తలుపు లోపలికి తెరుచుకుంటుంది, కాబట్టి బాధ లేదు. దాని బయట ఉండే అద్దాల స్టార్మ్ డోర్ బయటికి తెరుచుకుంటుంది. మంచు దానికి అడ్డంపడి కదల్లేదు. గరాజ్ తలుపెత్తితే మంచు గోడ అచ్చు తలుపు గీతలతో సహా నిలబడి ఉంది. దాన్ని తవ్వుకుంటూ వెళ్ళి కొలతల పలక వెతకాలి. అది రెండడుగుల చదరం తెల్ల రంగేసిన చెక్క, పక్కన జెండా కర్ర పాతకపోతే ఇక దొరకనట్టే. అదే శనివారం ఆంహెర్స్ట్‌లో మా స్నేహితుడింట్లో దోసెల విందు. "ఇక్కడ రోడ్లు బాగానే ఉన్నాయి, వచ్చేయండి" అని ఫోను! ఫోటో పంపితే నమ్మాడు.

కొలతల గురించి ఒక పక్కమాట, ఎందుకంటే అంగుళాలు ఎంత జారుడు సరుకో తెలుస్తుంది. పడ్డ మంచు తన బరువుకి తనే అణుగుతుంది. ప్రతి గంటకీ కొలిచి తుడిచేసి కూడితే ఒక సంఖ్య వస్తుంది, రోజుకి ఒక్కసారి కొలిస్తే ఇంకొకటి వస్తుంది, రెండోది ఎప్పుడూ తక్కువే. అందుకే ఆరు గంటలకి ఒక్కసారి మించి పలక తుడవకూడదని నియమం. 1997 జనవరిలో ఆంటారియో సరస్సుకి తూర్పున టగ్ హిల్ పీఠభూమి మీద మాంటేగ్ అనే ఊళ్ళో 24 గంటల్లో 77 అంగుళాలు కొలిచారు, దేశంలోనే రికార్డన్నారు. తీరా పరిశీలిస్తే నాలుగుకి బదులు ఆరుసార్లు కొలిచి కూడారని తేలింది, రికార్డు ఇవ్వలేదు. 1921లో కొలరాడోలోని సిల్వర్ లేక్‌లో పడ్డ 75.8 దగ్గరే అది ఆగిపోయింది. ఫేసుబుక్కులో ఎవరో స్కేలు గుచ్చి పెట్టిన ఫోటో చూసి అదే ఊరి మంచు అనుకోవద్దు. గాలి తోసి పోగేసిన గుట్ట మీద గుచ్చితే ఎన్ని అడుగులైనా చూపిస్తుంది.

లేక్ ఎఫెక్ట్ మంచు చాలావరకు దూదిలా తేలిక. మామూలు లెక్కలో పది అంగుళాల మంచు కరిగితే ఒక అంగుళం నీరు. సరస్సు మంచు పదిహేను, ఇరవై అంగుళాలకి ఒక అంగుళం నీరిస్తుంది. 80 అంగుళాలని పదిహేనుతో భాగించు, అయిదు అంగుళాల పైచిలుకు నీరు. పైకప్పు మీద చదరపు అడుగుకి పాతిక పౌండ్లు దాటుతుంది. ఇక్కడి కప్పులు ఇంతకి తట్టుకునేలానే కడతారు. అసలు భయం ఆ మంచు మీద వాన పడ్డప్పుడు, స్పాంజిలా పీల్చుకుని బరువు పెరుగుతుంది. చదును కప్పులు, పాత గరాజులు, కార్‌పోర్టులు కూలేది ఎక్కువగా అప్పుడే. 2006 అక్టోబరు 12, 13 తేదీల్లో పడింది ఈ రకం తడి మంచే, 22.6 అంగుళాలు. చెట్లకి ఆకులింకా రాలలేదు. ఆకుల మీద మంచు నిలిచి కొమ్మలు విరిగి తీగల మీద పడి లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. అంగుళాల్లో చూస్తే 2001 క్రిస్మస్‌లో అయిదు రోజుల్లో పడ్డ 81.6 ముందు ఇది నాలుగోవంతు. నష్టంలో మాత్రం ఆ పోలిక పనికిరాదు.

ఇక గాలి గురించి. ఇది జాగ్రత్తగా చదువు.

2022 నవంబరు 80 అంగుళాల మంచులో చనిపోయినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది, అందులోనూ మంచు తవ్వుతూ గుండెపోటు వచ్చినవాళ్ళున్నారు. సరిగ్గా అయిదు వారాల తర్వాత, డిసెంబరు 23న ఇంకొకటి వచ్చింది. విమానాశ్రయంలో మొత్తం 51.9 అంగుళాలు. ఆర్చర్డ్ పార్క్ సంఖ్యతో పోలిస్తే చాలా తక్కువ. ఈరీ, నయాగరా కౌంటీల్లో కలిపి 47 మంది పోయారు.

తేడా ఏమిటి? నవంబరులో మంచు నిలువునా పడింది, చలి ఓ మోస్తరు, ముందే రోడ్లు మూశారు, జనం ఇళ్ళలో ఉన్నారు. డిసెంబరులో వచ్చింది దేశం మధ్యనుంచి దూసుకొచ్చిన పెద్ద వాయుగుండం. పొద్దున వాన పడుతూనే ఉష్ణోగ్రత దబ్బున పడిపోయింది, తడి రోడ్లు గడ్డకట్టాయి. గంటకి 70 మైళ్ళు దాటిన ఈదురుగాలి. దానికి తోడు సరస్సు పట్టీ నగరం మీదే కూర్చుంది. ముప్పై ఏడు గంటలపాటు విమానాశ్రయంలో బ్లిజర్డ్ స్థితి కొనసాగింది, చెయ్యి చాపితే చెయ్యి కనపడని తెలుపు. అంబులెన్సులు, ఫైరింజన్లు, వాటిని తీయడానికి వెళ్ళిన ప్లౌ బండ్లు (రోడ్డు మీద మంచు తోసేవి), అన్నీ ఇరుక్కుపోయాయి. ఆ రాత్రి బఫెలో నగరంలో కొంతసేపు పిలిచినా ఎవరూ రాలేని పరిస్థితి. కార్లలో కొందరు, వీధిలో నడుస్తూ దారి తప్పి కొందరు, వేడి లేని ఇళ్ళలో కొందరు, సాయం అందక కొందరు. డ్రైవింగ్ నిషేధం శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకి మొదలైంది, అప్పటికే చాలామంది పనులకి బయల్దేరిపోయారు. అది ముందు రాత్రే పెట్టాల్సిందని తర్వాత గట్టి విమర్శ వచ్చింది. నా అభిప్రాయం కూడా అదే. నగరంలో ఆ నిషేధం 29 దాకా ఎత్తలేదు.

1977 ఇంకా విచిత్రం. ఆ ఏడు చలి ముందే వచ్చి ఈరీ సరస్సు డిసెంబరు మధ్యకే గడ్డకట్టింది. గడ్డకడితే నీటి ఆవిరి ఆగుతుంది, లేక్ ఎఫెక్ట్ ఆగుతుంది. బతికిపోయామనుకోవాలి కదా? ఆ గడ్డ మీద వారాల తరబడి పొడి మంచు పేరుకుంది. జనవరి 28న గాలి దాదాపు 70 మైళ్ళ వేగంతో దాన్నంతా ఊడ్చి ఊరిమీద పోసింది. ఆకాశంనుంచి కొత్తగా పడింది సుమారు 12 అంగుళాలే. గుట్టలు ఇళ్ళ చూరులు దాటాయి, 29 మంది చనిపోయారు.

1977లో 12 అంగుళాలు, 2022 డిసెంబరులో 52, నవంబరులో 80. మరణాలు ఈ సంఖ్యల వరసలో లేవు, చూశావుగా. వాతావరణ శాఖ బ్లిజర్డ్ అనేది కూడా మంచు ఎంత పడిందని చూసి కాదు. గాలి 35 మైళ్ళు లేదా ఆపైన, చూపు పావు మైలుకి తక్కువ, ఈ రెండూ వరసగా మూడు గంటలు ఉంటే బ్లిజర్డ్. అందులో అంగుళాల ఊసే లేదు.

కాబట్టి సూచన చదివేటప్పుడు వరస ఇది: ముందు గాలి వేగం, తర్వాత చూపు, తర్వాత ఉష్ణోగ్రత ఎంత త్వరగా పడుతోంది, ఆఖర్న అంగుళాలు. నేషనల్ వెదర్ సర్వీస్ బఫెలో ఆఫీసు విమానాశ్రయం దగ్గరే ఉంది, వాళ్ళ వెబ్‌సైటులో ఫోర్‌కాస్ట్ డిస్కషన్ అని ఒక పొడుగాటి వచనం రాస్తారు. ఫోన్‌లోని మంచుబిళ్ళ బొమ్మ చూడటం మానేసి అది చదువు. పట్టీ ఎక్కడ మొదలై, ఎప్పుడు ఎటు జరుగుతుందో, ఎంత నమ్మకంగా చెప్తున్నారో అందులో ఉంటుంది. వాళ్ళు "వాచ్" అంటే రావచ్చు, సరుకులు తెచ్చుకో. "వార్నింగ్" అంటే వస్తోంది, ఇంట్లో ఉండు. పట్టీ దారి అయిదారు మైళ్ళు అటూ ఇటూ అవడం మామూలే, కాబట్టి మీ ఊరి అంచున గీత గీశారంటే అది మీ ఊరనే అనుకో.

న్యూజెర్సీలో మీ చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళ అనుభవం దీనికి పెద్దగా పనికిరాదు. అక్కడ వచ్చేది నారీస్టర్, సముద్రతీరం వెంట పైకొచ్చే పెద్ద వాయుగుండం. 2016 జనవరిలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాలు పడినప్పుడు ఎడిసన్‌కీ, జెర్సీ సిటీకీ అందరికీ అటూ ఇటూగా పడింది. ఒక్కసారి వచ్చిపోతుంది. ఇక్కడ సరస్సు గడ్డకట్టేదాకా నవంబరు, డిసెంబరు, జనవరి ఎప్పుడైనా రావచ్చు. ఈరీ లోతు తక్కువ, సగటున 62 అడుగులు, అందుకే చాలా ఏళ్ళు చలికాలం రెండో సగంలో గడ్డకట్టి నోరు మూసుకుంటుంది. ఆంటారియో సగటు లోతు 283 అడుగులు, అది దాదాపు గడ్డకట్టదు. అందుకే దానికి దగ్గర్లో ఉన్న సిరక్యూజ్ నగరం మనకంటే ఎక్కువ మంచు ఊరు: ఏడాది సగటు వాళ్ళకి 120 అంగుళాల పైన, బఫెలోకి 95 దరిదాపు, న్యూయార్క్ నగరానికి 30. టగ్ హిల్ వైపు రెడ్‌ఫీల్డ్‌లో 2007 ఫిబ్రవరిలో ఒక్క విడతలో 141 అంగుళాలు పడింది. వాళ్ళ ముందు మనం చిన్నపిల్లలం.

ఇల్లు ఏ వైపు అన్నావు. సగటు చూస్తే ఉత్తరాన, ఆంహెర్స్ట్ వైపు, మంచు తక్కువ. సౌత్ క్యాంపస్ (పేరుకే సౌత్, ఉన్నది నగరం ఉత్తరం కొసన) చుట్టుపక్కల అద్దెలు తక్కువ, మనవాళ్ళు చాలామంది అక్కడే ఉంటారు, అదీ బాగానే ఉంటుంది. కానీ మంచు తక్కువని ఆంహెర్స్ట్‌లో ఇల్లు తీసుకుని నిశ్చింతగా ఉండకు. 2022 డిసెంబరులో దెబ్బ తిన్నది నగరమూ, ఈ ఉత్తరం వైపే. దోసెల స్నేహితుడింట్లో అప్పుడు రెండు రాత్రులు కరెంటు లేదు. దిక్కుకంటే ఇవి ముఖ్యం: హీటింగ్ అద్దెలో కలిపారా, పాత ఇల్లయితే కిటికీలు గాలి ఆపుతున్నాయా, నీ వీధి బస్సు తిరిగే పెద్ద రోడ్డా లేక సందా (సందుల్లోకి ప్లౌ ఆఖర్న వస్తుంది, ఆ డిసెంబరులో నగరం సందులు రోజుల తరబడి అలాగే ఉన్నాయి), ముందు నడకదారి మంచు తీసే బాధ్యత లీజులో ఎవరిమీద రాశారు. కారు కొంటే అది నిలిపే చోటు కూడా చూడు, చలికాలం రాత్రుళ్ళు వీధిలో కారు పెట్టకూడదని చాలా ఊళ్ళలో నియమం. ప్లౌకి అడ్డమొస్తే లాక్కుపోతారు.

మొదటి రోజే ఇంటివాణ్ణి అడిగి ఫర్నేస్ (ఇల్లు వేడిచేసే యంత్రం) గొట్టాలు ఎక్కడున్నాయో చూసుకో. ఇప్పటి ఫర్నేసులకి పొగ గొట్టం కప్పు మీద ఉండదు, పక్క గోడలోంచి తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు రెండు బయటికొస్తాయి, నేలకి రెండు మూడడుగుల ఎత్తున. మంచు గుట్ట వాటిని మూసేస్తే ఫర్నేస్ ఆగిపోతుంది. అర్ధరాత్రి ఇల్లు చల్లబడి, ఫర్నేస్ చెడిపోయిందని అందరూ కంగారుపడతారు. బయటికెళ్ళి పారతో ఆ గొట్టాలు తేటపరిస్తే చాలాసార్లు మళ్ళీ వెలుగుతుంది. మంచుగాలిలో మాత్రం ఇంటి గోడ వదలకుండా వెళ్ళు.

కరెంటు పోతే గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించి వంట చేసుకోవచ్చు. ఇల్లు వేడెక్కడానికి మాత్రం పొయ్యి వాడకు, బొగ్గుల కుంపటి లోపల పెట్టకు. తలుపులు బిగించిన ఇంట్లో వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది, దానికి వాసనుండదు, నిద్రలోనే పోతారు. దాని అలారం ఇంట్లో ఉందో లేదో, బ్యాటరీ పనిచేస్తోందో చూసుకో. అందరూ ఒకే గదిలో చేరి, తలుపు సందుల్లో తువ్వాళ్ళు కుక్కి, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకోవడం మేలు.

తిండి గురించి మనవాళ్ళకి చెప్పేదేముంది. బియ్యం, కందిపప్పు, ఉల్లిపాయలు, పచ్చడి సీసా ఉంటే వారం గడుస్తుంది. పాలూ బ్రెడ్డూ కోసం స్టోర్లలో జనం కొట్టుకునే రోజున నువ్వు వెళ్ళనక్కర్లేదు. తోడుకి కాస్త పెరుగు దాచుకో. మందులేమైనా వాడుతుంటే పది రోజులకి సరిపడా ముందే తెచ్చుకో, ఫార్మసీలు మూతపడతాయి.

మంచు తవ్వడం కుర్రాడివి కాబట్టి నీకు తేలికే అనిపిస్తుంది. అయినా నడుముతో ఎత్తకు, మోకాళ్ళు వంచి ఎత్తు, వీలైనంతవరకు ఎత్తకుండా నెట్టు, పడుతుండగానే కొంచెం కొంచెం తీస్తుండు. పక్కింట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ వాకిలి కూడా తీసిపెట్టు. యాభై దాటినవాళ్ళు చలిలో ఈ పని చేస్తూ గుండె ఆగి పడిపోవడం ఇక్కడ ప్రతి పెద్ద మంచులోనూ జరిగేదే.

కారు విషయం: ట్రావెల్ బ్యాన్ (ప్రయాణ నిషేధం) అన్నాక బండి తీస్తే చట్టవిరుద్ధం. అడ్వైజరీ (బయటికి రావద్దని సలహా) అన్నా నువ్వు మొదటి చలికాలం తీయకు. డెలివరీ యాప్‌లో ఆ రోజు రెండింతలు ఇస్తామంటారు, కక్కుర్తి పడొద్దు. ఎప్పుడైనా దారిలో ఇరుక్కుంటే కారు వదిలి నడవకు. తెల్లటి గాలిలో పది అడుగుల అవతల ఇల్లున్నా కనపడదు, ఆ డిసెంబరులో కొందరు పోయింది అలాగే. వెనక సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసి, గంటకి ఓ పది నిమిషాలు ఇంజను నడిపి, కిటికీ వేలెడు సందు తెరిచి ఉంచు. గొట్టం మూసుకుపోయిందనిపిస్తే ఇంజను వెయ్యనే వద్దు. చలికాలమంతా ట్యాంకు సగానికి తగ్గనీయకు. డిక్కీలో చిన్న పార, దుప్పటి, ఫోను చార్జరు, నీళ్ళు. దగ్గర్లో ఇల్లు స్పష్టంగా కనిపిస్తే మొహమాటపడకుండా తలుపు తట్టు. 2022 డిసెంబరులో నయాగరా చూడ్డానికి బయల్దేరిన దక్షిణ కొరియా పర్యాటకుల వ్యాను విలియమ్స్‌విల్‌లో ఇరుక్కుంటే, పార అడగడానికి వెళ్ళినవాళ్ళని ఆ ఇంటివాళ్ళు లోపలికి పిలిచారు. పదిమందీ రెండు రాత్రులు అక్కడే ఉండి కొరియన్ వంటలు వండిపెట్టారు. ఇక్కడి జనం అలాంటివాళ్ళే.

బట్టల విషయంలో హైదరాబాదులో వేలు పోసి "అమెరికా జాకెట్" కొనకు. విమానాశ్రయంనుంచి గదికి చేరేంతవరకు ఏదో ఒక మందపాటి స్వెట్టరు, దానిమీద గాలి ఆపే కోటు, మంకీ క్యాప్ (నవ్వేవాళ్ళని నవ్వనీ), చేతి గ్లౌజులు చాలు. అసలు జాకెట్, నీళ్ళు దిగని బూట్లు ఇక్కడ కొనుక్కో, జనవరిలో తగ్గింపు ధరలకి దొరుకుతాయి. కాటన్ సాక్సులు వద్దు, తడిస్తే ఆరవు. ఉన్నివి తెచ్చుకో.

ఇక విమానం. న్యూఅర్క్, షికాగో, ఎక్కడినుంచైనా ఆఖరి చిన్న విమానం బఫెలోకి రావాలి, మంచు రోజుల్లో ముందు రద్దయ్యేది అదే. 2022 డిసెంబరులో విమానాశ్రయం 28 దాకా తెరుచుకోలేదు. క్లాసులు మొదలవడానికి కనీసం నాలుగయిదు రోజుల ముందు దిగేలా టికెట్టు తీసుకో. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద ఉండేలా చూసుకో, విడివిడిగా కొంటే రద్దయినప్పుడు నీ తిప్పలు నువ్వే పడాలి. మందులు, సర్టిఫికెట్లు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకో. బయల్దేరే వారం వాతావరణ శాఖ వచనం చదివి అర్థం కాకపోతే ఇక్కడే కింద అతికించు, గాలి ఎటు వీస్తోందో చూసి చెప్తాను.